మీకు తెలుసా? పాట మసకబారితే ముందు చూడాల్సింది హెడ్‌నే

క్యాసెట్ ప్లేయర్ ఉన్న కారులో పాట మసకబారితే ముందు క్యాసెట్‌నే అనుమానిస్తాం. ఒకసారి ఎఫ్‌ఎం రేడియో పెట్టి చూడండి. అది స్పష్టంగా వినిపిస్తే స్పీకర్లు బాగున్నట్టే. రెండు మూడు క్యాసెట్లూ అలాగే మొద్దుగా మోగితే లోపం దాదాపు ఖాయంగా ప్లేయర్ లోపల టేపును చదివే హెడ్‌దే. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున, అంటే గంటకు 171 మీటర్లు, హెడ్‌ను రాసుకుంటూ పోతుంది. రాలిన ఐరన్ ఆక్సైడ్ పొడి అక్కడా, పక్కనున్న రబ్బరు రోలర్ మీదా పేరుకుంటుంది. అప్పుడు డప్పు మోత మిగిలి గజ్జెల సవ్వడి ముందు పోతుంది. రోలర్ జిగురెక్కితే టేపు దానికే చుట్టుకుంటుంది. ప్లేయర్ ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో రెంటినీ తుడవాలి. నూనె మాత్రం వద్దు, రోలర్ జారిపోతుంది.

మరి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఎండలకు క్యాసెట్ చెడదా అంటే, తప్పకుండా చెడుతుంది. మే నెలలో ఇటువైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అద్దాలు మూసిన కారులో వేడి ఇంకా ఎక్కువ. 90 నిమిషాల క్యాసెట్‌లో టేపు పలుచన కాబట్టి 60 నిమిషాల దానికన్నా తొందరగా నలుగుతుంది. అయితే ఎండకు వంగిన క్యాసెట్ కంటికి తెలుస్తుంది, దాని పాట ఊగుతుంది. హెడ్ మీది మురికి మాత్రం లోపల దాగి ఉంటుంది. డాష్‌బోర్డు మీద క్యాసెట్లు వదలకండి. దేన్నైనా పారేసే ముందు హెడ్ తుడిచి మళ్లీ వినండి.