అంగుళంపావు పట్టాల మీద మా ఊరి బండి

పొద్దున్నే పిల్లలు స్కూలుకీ, మా వారు ఆఫీసుకీ వెళ్లిపోయాక నేనేం చేస్తానో తెలుసా? కొబ్బరి చీపురు ముందేసుకుని పుల్లలు విరుస్తాను! ఇల్లు ఊడవడానికి కాదండోయ్. చీపురుపుల్ల సన్నటి చివర ఉంటుంది చూశారూ, అది రైలు కిటికీ ఊచలకు అచ్చంగా సరిపోతుంది. ఒక్కో కిటికీకి నాలుగు పుల్లలు. బోగీకి పన్నెండు కిటికీలు. ఇండియన్ స్టోర్‌లో చీపురు కొంటుంటే కౌంటర్ దగ్గరి అబ్బాయి, "మళ్లీనా ఆంటీ! ఇల్లు అంత పెద్దదా?" అన్నాడు మొన్న.

నలభయ్యో పడికి దగ్గరవుతున్న ఇద్దరు పిల్లల తల్లికి ఈ బొమ్మ రైళ్ల పిచ్చేమిటి అనుకుంటున్నారు కదూ! మా అత్తగారూ అదే అన్నారు. మా వారు పైకి అనలేదు గానీ, గరాజ్‌లో కారు పెట్టే చోటు సగానికి తగ్గాక ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది. ఇంతకీ ఈ పిచ్చి నాకెలా అంటుకుందో చెబుతాను.

ఎదురింట్లో రైళ్ల బీరువా

పెళ్లయ్యాక 2012లో అమెరికాలోని డెన్వర్ వచ్చాం. నాది డిపెండెంట్ వీసా. అంటే మా వారి మీద ఆధారపడి ఉండాలి, అప్పట్లో ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. శ్రీకాకుళంలో చదివిన బి.ఎస్సీ. సర్టిఫికెట్టు పట్టుచీరల మధ్య భద్రంగా పడుకుంది. నేనేమో కథలు రాసుకుంటూ, వంట చేసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాను.

నాలుగేళ్ల కిందట ఎదురింటి పెద్దావిడ గరాజ్ సేల్ పెట్టింది. ఇక్కడ ఇంట్లో అక్కర్లేని వస్తువులన్నీ వాకిట్లో పెట్టి అమ్మేస్తారు. ఆవిడ భర్త పోయి ఏడాది అయింది. గిన్నెలేమైనా దొరుకుతాయేమోనని వెళ్లాను. గరాజ్‌లో ఒక బీరువా నిండా రైళ్లు! ఇంజిన్లు, బోగీలు, ఒక్కోటి మన రొట్టెల కర్రంత పొడుగు. కొన్నింటికి పెట్టె మీద టేపు కూడా ఊడలేదు. "పిల్లలకు అక్కర్లేదు. నేనేం చేసుకోను?" అందావిడ. ఆ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు. "మేడమ్, ఇదెంత?" అని ఒక ఎర్ర బోగీనీ, కొన్ని పట్టాలనూ చూపించాను. నలభై డాలర్లు అంది. ఇంటి ఖర్చుల్లో మిగుల్చుకున్న డబ్బుతో కొనేశాను. ఎందుకు కొన్నానో ఆ క్షణంలో నాకే తెలియదు.

ఇంటికొచ్చి బల్ల మీద పెట్టి చూస్తే అర్థమైంది. ఇరుకు బోగీ, కింద చిన్న చక్రాలు, రెండు చివర్లా చిన్న వరండాలు... మా నౌపడ బండికి దూరపు చుట్టంలా ఉంది!

మా నౌపడ బండి

మాది పాతపట్నం. అమ్మమ్మగారిది టెక్కలి. చిన్నప్పుడు మాకు రైలంటే నౌపడ–గుణుపురం చిన్నబండే. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలై, 1931 నాటికి గుణుపురం చేరింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. మీటర్‌గేజి కంటే కూడా చిన్నది. నేనెరిగింది డీజిల్ ఇంజినే. బొగ్గు ఇంజిను సంగతులన్నీ మా అమ్మ చెబితే విన్నవే. 2004లో బ్రాడ్‌గేజి వేయడానికి ఆ బండి ఆపేశారు. అప్పుడు నేను ఇంటర్. 2011 నాటికి పెద్ద రైలు గుణుపురం దాకా వచ్చేసింది. ఊరికి మంచే జరిగింది, కాదనను. కానీ మా చిన్నబండి మాత్రం ఇక లేదు.

ఇక్కడ కొలరాడోలో అలాంటి చిన్నబండ్లను దాచుకున్నారు. డురాంగో నుంచి సిల్వర్టన్ వరకు కొండల్లో మూడడుగుల పట్టాల మీద 1882లో వేసిన లైను ఇప్పటికీ పొగబండితో నడుస్తోంది. ఇరుకు పట్టాలైతే కొండల్లో మలుపులు బాగా తిప్పుకోవచ్చు, ఖర్చూ తక్కువ. ఒకసారి అందరం ఎక్కాం. ఆ కుదుపుకి పిల్లలు నవ్వారు. నేను మాత్రం కిటికీ ఊచ పట్టుకోబోయాను. అక్కడ ఊచల్లేవు!

పట్టుచీరా? కట్టే చీరా?

ఈ పెద్ద సైజు బొమ్మ రైళ్లకు పుట్టిల్లు జర్మనీ. న్యూరెంబర్గ్‌లోని లేమన్ కంపెనీ 1968లో ఎల్.జి.బి. పేరుతో మొదలుపెట్టింది. పెరట్లో, వానలో, మంచులో కూడా నడిచేలా చేయడం వాళ్ల గొప్ప. పట్టాల వెడల్పు 45 మిల్లీమీటర్లు. పన్నెండు వంపు ముక్కలు కలిపితే నాలుగడుగుల పైచిలుకు చక్రం తయారవుతుంది. తర్వాత ఆ కంపెనీ చితికిపోతే, 2007లో మెర్క్‌లిన్ అనే మరో జర్మన్ బొమ్మల కంపెనీ దాన్ని తీసుకుంది. ఎల్.జి.బి. రైళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

ఇవి పోగుచేసేవాళ్లలో రెండు తెగలున్నాయి. ఒకరు పెట్టె విప్పరు. అట్టపెట్టె మూల నలిగినా ధర పడిపోతుందని వాళ్ల భయం. రెండోవాళ్లు పెట్టె రాగానే రంపం తీస్తారు! కోసి, అతికి, రంగు మార్చి, తమకు కావలసిన బండి చేసుకుంటారు. మనలో పట్టుచీర బీరువాలో దాచేవాళ్లూ, కట్టి చింపుకునేవాళ్లూ లేరూ? అలాగన్నమాట.

ఎదురింటాయన మొదటి తెగ. ఆవిడ రెండో తెగ అని తర్వాత తెలిసింది. ఆ బీరువాలోని బొమ్మ మనుషులందరికీ కళ్లూ ముక్కూ దిద్దింది ఆవిడేనట. స్టేషన్ అరుగు మీద వృద్ధ దంపతుల్ని, కుక్కను పట్టుకున్న పిల్లాణ్ణి చూపించి, "వచ్చినవాళ్లంతా మా ఆయన్నే మెచ్చుకునేవారు. ఆయన రైళ్లు, ఆయన లైను... మనుషులు మాత్రం నావి" అని నవ్వింది. ఆ నవ్వు నాకు కొత్తగా అనిపించలేదు. మీకూ అనిపించదనుకుంటాను.

రెండడుగులకో అంగుళం

మా నౌపడ బండిని ఎవరూ అమ్మరు. డార్జిలింగ్ బండి నమూనాలైతే నిజంగా ఆవిరితో నడిచేవి ఇంగ్లండులో చేస్తారు. మనది కావాలంటే మనమే చేసుకోవాలి. సరే, కొన్న ఎర్ర బోగీనే కోసి నౌపడ బోగీగా మార్చేద్దామనుకున్నాను. కోశాను కూడా! పట్టాల మీద పెట్టి చూస్తే ఎక్కడో తేడా కొట్టింది. బండి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడినట్టుంది.

కాగితం, పెన్సిలు తీశాను. ఎల్.జి.బి. కొలత 22.5 వంతు. అంటే వాళ్ల 45 మి.మీ. పట్టాలు మీటర్‌గేజికి సరిపోతాయి. మన రెండున్నర అడుగులకు చాలా వెడల్పు. అయితే తమాషా వినండి. ఎల్.జి.బి. తొలినాళ్ల నుంచీ పేరు తెచ్చుకున్న స్టెయింజ్ అనే చిన్న ఇంజిను ఉంది. దాని అసలు రూపం ఆస్ట్రియాలో 760 మి.మీ. పట్టాల మీద నడిచింది. మన నౌపడ పట్టాలు 762! రెండు మిల్లీమీటర్ల తేడాతో తోడికోడళ్లు. ఆ కంపెనీ తన ఇంజిన్నే వెడల్పు పట్టాల మీద సర్దేసింది. నేనూ సర్దుకుపోవచ్చు.

సర్దుకుపోవడం మనకేం కొత్త కాదు గదా! కానీ ఈ ఒక్కచోట సర్దుకోబుద్ధి కాలేదు. మూడు రోజులు లెక్కలు వేశాను. దొరికింది. ఇరవైనాలుగో వంతు! అంటే అసలు బండిలో ప్రతి రెండడుగులూ నా బల్ల మీద ఒక అంగుళం. రెండున్నర అడుగుల పట్టాలు అంగుళంపావు అవుతాయి. ఓ గేజి అని దుకాణాల్లో ఎప్పటినుంచో అమ్మే పట్టాల వెడల్పు సరిగ్గా అంతే. పైగా బొమ్మరిళ్ల సామాన్లలో, బొమ్మ కార్లలో ఈ ఇరవైనాలుగో వంతువి బోలెడు దొరుకుతాయి. ఆరడుగుల తలుపు మూడంగుళాలు. మనిషి రెండున్నర, మూడంగుళాల మధ్య. చంటిపిల్ల అంగుళం. లెక్క కుదిరినరోజు అన్నం మాడిపోయింది. నాకు మాత్రం డిగ్రీ రెండోసారి పాసైనట్టుంది.

ఇంజిను కోసం పాత ఓ గేజి డీజిల్ ఒకటి కొని, పై డొక్కు తీసేసి, కింద మోటారు, చక్రాలు ఉంచుకున్నాను. పైన ప్లాస్టిక్ షీటుతో మన చిన్న డీజిల్ ఇంజిను ఆకారం కట్టాను. పెట్టెలాంటి ఇంజిను కాబట్టి నాలాంటి వాళ్లకి సులువే. పట్టాల్లోంచి కరెంటు బదులు, వెనకున్న పెట్టెలో బ్యాటరీ దాచి రిమోట్‌తో నడుపుతున్నాను. బోగీలో బెంచీలు ఐస్‌ఫ్రూట్ పుల్లలతో. ఊచల సంగతి ముందే చెప్పాను కదా.

గౌన్లకు చీరలు

ఇక ప్రయాణికులు. దొరికే బొమ్మలన్నీ టోపీలు, గౌన్లు! ఎదురింటి మేడమ్ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన తెల్ల జిగురులో తడిపి బొమ్మ చుట్టూ కుచ్చిళ్లు పెట్టి, పైట వేసి ఆరబెడితే చీర గట్టిపడుతుంది. ఆ తర్వాత రంగు, అంచు. "ఆరు గజాలు ఇలా కడతారా!" అని ఆవిడ ఆశ్చర్యపోయింది. ఓ సాయంత్రం ఆవిడకే నా నేతచీర కట్టాను. ఇప్పుడు మా బండిలో నౌపడ ఉప్పు మూటలతో ఒకావిడ, జీడిపప్పు బుట్టతో ఇంకొకావిడ కూర్చున్నారు.

అన్నిటికంటే నవ్వొచ్చేది మురికి పట్టించడం! కొత్త రంగుతో ఉంటే బొమ్మలాగే కనిపిస్తుంది. నల్లరంగులో బాగా నీళ్లు కలిపి పూసి, వెంటనే గుడ్డతో తుడిచేస్తే సందుల్లో మాత్రం మసి మిగులుతుంది. గోధుమరంగు చాక్‌పీసు పొడి కుంచెతో అద్దితే తుప్పు. పైన మెరుపులేని వార్నిష్. జన్మంతా మురికి తోమే చేతులతో, పనిగట్టుకుని మురికి పూస్తున్నాను చూడండి!

రంగు పేచీ

బోగీకి ఏ రంగు వేయాలి? మా ఇంట్లో ఉన్నది ఒకే ఫొటో, అదీ నలుపు తెలుపు. నాకు నీలం గుర్తు. వీడియో కాల్‌లో అమ్మనడిగాను. "నీలమేటే! ఎరుపు. ఇటుక ఎరుపు. నాను కాపరానికొచ్చింది ఆ బండిలోనే, నాకు తెల్దేటి?" అని కసిరింది. అన్నయ్యనడిగితే, "రంగెవడు చూశాడే! నేను తలుపు దగ్గర వేలాడేవాణ్ణి" అన్నాడు. వారం రోజులు ఇంట్లో ఇదే పేచీ. ఆఖరికి మా వారే తీర్పు చెప్పారు. తొంభైల్లో రైల్వే వాళ్లు ఇటుకరంగు బోగీలకు నీలం వేయడం మొదలుపెట్టారు కదా, ఎవరి వయసు బండి వాళ్లకి గుర్తుండి ఉంటుందని.

నిజమే. అమ్మ కాపురానికొచ్చిన బండి వేరు, నేను టెక్కలి వెళ్లిన బండి వేరు. అందుకే రెండు బోగీలు చేశాను. ముందు ఎర్రది, వెనక నీలంది. ఒకే రోజు అలా నడిచాయో లేదో గానీ, మా ఇంట్లో అలాగే నడుస్తాయి.

మీకూ సరదా ఉంటే...

ముందే పెద్ద ఖర్చులు పెట్టకండి. ఒక బోగీతో మొదలుపెట్టండి, ఇంజిను తర్వాత చూసుకోవచ్చు. మీ ఊరి బండి పట్టాల వెడల్పు తెలుసుకుని, ముందు కొలత తేల్చుకోండి. అది తేల్చకుండా రంపం పట్టుకోకండి, నేను బోగీ పాడుచేసుకున్నాను. మొదట అట్టతో చేసి చూసుకోండి. రంగులు, వార్నిష్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి. ఇంట్లో పెద్దవాళ్లను ఇప్పుడే అడగండి. ఏ స్టేషన్‌లో ఏం అమ్మేవారు, బెంచీ చెక్కదా, రేకుదా... ఇవి ఏ దుకాణంలోనూ దొరకవు.

ఎదురింటి మేడమ్ కిందటేడు స్టెయింజ్ ఇంజిను ఒకటి, టేపు ఊడని పెట్టెతో సహా నాకిచ్చేసింది. దానికి మార్కెట్లో ధర ఉంది. నా ఎరుపు నీలం బోగీలకు ఎవరూ డాలరు కూడా ఇవ్వరు. మా వారు ఆ మాటే అంటే, "అమ్మితేగా!" అన్నాను. ఆ స్టెయింజ్ పెట్టె టేపు కూడా ఆ రాత్రే విప్పేశాను. మర్నాడు బీరువాలోంచి పట్టుచీర తీసి కట్టుకున్నాను, ఏ పండగా లేకపోయినా.

బండి తొలిసారి గరాజ్ చుట్టూ తిరిగిన రోజు అమ్మకు ఫోన్‌లో చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నచ్చలేదేమో అనుకున్నాను. మూల తిరుగుతుంటే ఫోనుకి దగ్గరగా వచ్చి అడిగింది:

"తెంబూరు దాటిందేటే?"