కదిలే చెల్లాయికి కదలని ఫోటో

బాలలూ! మీ చెల్లాయినో, తమ్ముణ్ణో ఎప్పుడైనా ఫోటో తీశారా? "కదలకు!" అని మీరు అరుస్తారు. చెల్లాయి కదలనే కదులుతుంది. తీరా చూస్తే ఫోటోలో చేతులు పొగలాగా అలుక్కుపోయి ఉంటాయి. లేదా ముఖం నల్లగా మాడిపోయి ఉంటుంది. "కుదురుగా ఉండవు గనకే ఇలా వచ్చింది" అని చెల్లాయికి చీవాట్లు పడతాయి. తప్పు నిజంగా చెల్లాయిదేనా? ఫోటో ఎలా తయారవుతుందో తెలుసుకుంటే తీర్పు మీరే చెప్పగలరు.

మాయమైన జనం

1838లో పారిస్ నగరంలో డాగేర్ అనే ఆయన ఒక మేడ కిటికీలోంచి రద్దీగా ఉండే వీధిని ఫోటో తీశాడు. వీధి నిండా బళ్ళు, గుర్రాలు, మనుషులు. ఫోటోలో మాత్రం వీధి దాదాపు ఖాళీ! ఒక మూల ఒక మనిషి మాత్రం కనిపిస్తాడు. అతను బూట్లకు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డాడు. డాగేర్ వాడిన వెండిపూత రేకు మీద బొమ్మ పడాలంటే కొన్ని నిమిషాలసేపు వెలుతురు తగలాలి. అంతసేపు ఒకేచోట ఉన్నవాడు మిగిలాడు. నడిచిపోయిన వాళ్ళంతా మాయమయ్యారు!

ఆ తరువాత కొన్ని దశాబ్దాల వరకూ పసిపిల్లలను ఫోటో తీయడం పెద్ద తంటాగానే ఉండేది. కొన్ని స్టూడియోల్లో తల్లి ఒళ్ళంతా గుడ్డ కప్పుకొని, కుర్చీలాగా కూర్చొని, బిడ్డను ఒళ్ళో కదలకుండా పట్టుకొనేది. 1871లో మాడక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు జెలటిన్ పూసిన పొడి పలకలను తయారుచేసే పద్ధతి చెప్పాడు. దాన్ని ఇతరులు మెరుగుపరచాక, సెకనులో చిన్న భాగంలోనే ఫోటో తీయడం సాధ్యమైంది.

బిందె, కుళాయి

కెమెరాలో వెలుతురును లోపలికి వదిలి, మళ్ళీ ఆపేసే మూతను షట్టర్ అంటారు. ఫోన్ కెమెరాల్లో సాధారణంగా ఇలాంటి కదిలే మూత ఉండదు. ఆ పని విద్యుత్తుతో జరుగుతుంది. లెక్క మాత్రం ఒక్కటే.

కుళాయి కింద బిందె పెట్టారనుకోండి. నీళ్ళు ధారగా వస్తే బిందె చప్పున నిండుతుంది. సన్నగా వస్తే చాలాసేపు పడుతుంది. వెలుతురూ అంతే. ఆరుబయట వెలుతురు ఎక్కువ కనుక షట్టర్ రెప్పపాటులో మూసుకుంటుంది. చీకటి గదిలో ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఆలోగా చెల్లాయి పరుగెడుతుంది!

లెక్క వేద్దాం. చెల్లాయి సెకనుకు 2 మీటర్ల వేగంతో పరుగెడుతోంది. షట్టర్ సెకనులో 30వ వంతు తెరిచి ఉంటే, ఆలోగా ఆమె దాదాపు 6.7 సెంటీమీటర్లు జరుగుతుంది. 500వ వంతు మాత్రమే తెరిచి ఉంటే 4 మిల్లీమీటర్లే జరుగుతుంది. ఫోటోలో చెల్లాయి తన అసలు ఎత్తులో పదోవంతు ఉందనుకుంటే, మొదటి ఫోటోలో 6.7 మిల్లీమీటర్ల మేర అలుకు కనబడుతుంది. రెండో దానిలో అర మిల్లీమీటరు కూడా ఉండదు. కనుక చెల్లాయిని ఆపనక్కరలేదు. వెలుతురులోకి తీసుకువెళితే చాలు.

ఇంకో చిట్కా ఉంది. ఉయ్యాల ఒక చివర పూర్తిగా పైకి వెళ్ళి, వెనక్కి తిరిగేముందు ఒక్క క్షణం ఆగుతుంది. పైకి ఎగిరిన పిల్ల కూడా కిందికి దిగేముందు ఒక్క క్షణం అంతకంటే పైకీ పోదు, కిందికీ రాదు. ఆ క్షణం కోసం కాచుకోండి.

ముఖం ఎందుకు మాడుతుంది?

చెల్లాయి వెనుక ధగధగలాడే కిటికీ ఉందనుకోండి. కెమెరా మొత్తం దృశ్యంలోని వెలుతురును లెక్కగట్టి, "చాలా వెలుతురుంది" అని త్వరగా మూసేస్తుంది. ముఖానికి కావలసిన వెలుతురు అందదు. ఈనాటి ఫోన్లు చాలావరకు ముఖాన్ని గుర్తుపడతాయి కాని, వెనుక వెలుగు మరీ ఎక్కువైతే అవీ పొరబడతాయి. తెర మీద ముఖం ఉన్నచోట వేలితో తాకితే, చాలా ఫోన్లు ఆ ముఖాన్ని బట్టి లెక్క సరిచేసుకుంటాయి. అంతకంటే తేలిక ఉపాయం, చెల్లాయిని కిటికీ వైపు తిప్పడమే!

నల్లగా ఉన్నవాళ్ళు ఫోటోలో బాగుండరని ఎవరైనా అంటే నమ్మకండి. ముఖం మీద చాలినంత వెలుతురు పడితే ఏ రంగైనా చక్కగా వస్తుంది.

అలాగని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టకండి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమల నీడ కళ్ళ మీద పడుతుంది. పైగా పిల్లలు కళ్ళు చికిలిస్తారు. వసారాలోకి రండి. అక్కడ ఆకాశపు వెలుతురు మెత్తగా పరచుకొని వస్తుంది.

మోకాళ్ళ మీద కూర్చోండి

మీ చేతిలోని కెమెరా 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. 90 సెంటీమీటర్ల చెల్లాయి మీకు ఒక మీటరు దూరంలో నిలబడింది. పైథాగరస్ సూత్రం వాడి చూడండి. కెమెరా నుంచి చెల్లాయి నడినెత్తికి దూరం 117 సెంటీమీటర్లు, పాదాలకు 180 సెంటీమీటర్లు. దగ్గరి వస్తువు పెద్దదిగా కనబడుతుంది కదా! అందుకే ఫోటోలో తల గుమ్మడికాయంత, కాళ్ళు పుల్లల్లాగా వస్తాయి. మీరు మోకాళ్ళ మీద కూర్చొని, కొంచెం దూరం జరిగి, కెమెరాను చెల్లాయి కళ్ళ ఎత్తులో పట్టుకుంటే ఈ తేడా చాలావరకు పోతుంది.

చేసి చూడండి

చెల్లాయిని వీధి గుమ్మంలో నిలబెట్టి మూడు ఫోటోలు తీయండి. మొదటిది ఇంట్లోంచి, ఆమె వీపు వీధివైపు ఉండగా. రెండోది బయటనుంచి, ఆమె ముఖం వీధివైపు ఉండగా. మూడోది కూడా రెండోదానిలాగే, కాని ఆమె ముందు నేల మీద తెల్లటి పంచె పరచి. పంచె మీద పడిన వెలుతురు పరావర్తనం చెంది, గడ్డం కింది నీడను ఎలా పలచబరుస్తుందో గమనించండి. మూడు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చెల్లాయికి చూపించండి.

ఆ మూడింటిలోనూ ఉన్నది ఒకే చెల్లాయి. మారింది వెలుతురు మాత్రమే. ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది?