నీట్ చదువు ఎక్కడ మొదలు పెట్టాలి? నల్లగొండ, పాలమూరు పిల్లలు ముందు చూసుకోవాల్సినవి

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు నుంచే నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇళ్లలో ఒకటే చర్చ. బిడ్డ డాక్టర్ అవుతానంటోంది, బైపీసీలో చేర్పించాలి. హైదరాబాద్ పంపాలా, విజయవాడ పంపాలా? ఫీజుకు డబ్బులు ఎక్కడి నుంచి తేవాలి? ఈ హడావుడిలో పరీక్ష పేపర్ ఎలా ఉంటదో చూసేవాళ్లు తక్కువ. సీటు ఎవరికి ఇస్తారన్న నిబంధన చదివేవాళ్లు ఇంకా తక్కువ.

నిబంధనతోనే మొదలు పెట్టాలి, ఎందుకంటే అందులో తప్పు జరిగితే తర్వాత దిద్దుకోలేం. తెలంగాణలో రాష్ట్ర కోటా ఎంబీబీఎస్ సీటుకు స్థానికులు కావాలంటే ఇంటర్ పూర్తయ్యే నాటికి వరుసగా నాలుగేళ్లు ఈ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. అంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా. 2024లో జీవో 33 ద్వారా వచ్చిన ఈ నిబంధనపై కోర్టుల్లో పెద్ద వాదనే నడిచింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మంచి కోచింగ్ అని పిల్లలను ఇంటర్‌కు విజయవాడకో, రాజస్థాన్‌లోని కోటాకో పంపితే స్థానికత పోయే ప్రమాదం ఉంది. గల్ఫ్‌లో పదో తరగతి దాకా చదివి వచ్చిన పిల్లలదీ ఇదే చిక్కు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు కొన్ని మినహాయింపులున్నాయి గానీ అవి అందరికీ వర్తించవు. ప్రభుత్వ కాలేజీల్లో అఖిల భారత కోటా 15 శాతమే, మిగతా 85 శాతం రాష్ట్రానిది. పోగొట్టుకునేది ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది.

పైగా సీట్లు ఇప్పుడు ఇంటి పక్కకే వచ్చాయి. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిలో, 2024లో నారాయణపేట, గద్వాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి.

ఇక చదువు సంగతి. మొదటి రోజు చేయాల్సిన పని కోచింగ్ సెంటర్ చుట్టూ తిరగడం కాదు, ఒక పాత ప్రశ్నపత్రం ముందేసుకొని కూర్చోవడం. 2025 పేపర్‌లో 180 ప్రశ్నలు, మూడు గంటల సమయం, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. ప్రశ్నకు ఒక నిమిషం చొప్పున వస్తది. అందుకే బయాలజీని ముప్పావు గంటలో ముగించగలిగేలా తయారైన పిల్లలకు ఫిజిక్స్ లెక్కలకు ఊపిరి పీల్చుకునే సమయం దొరుకుతుంది. సగం మార్కులు బయాలజీవే కాబట్టి మొదటి నెలలోనే ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి బయాలజీ పుస్తకాన్ని లైను వదలకుండా చదవడం మొదలు పెట్టాలి. బొమ్మల కింద రాసింది కూడా. ఇంటర్ బోర్డు పుస్తకం పబ్లిక్ పరీక్షకు ఎలాగూ తప్పదు. నీట్‌కు మాత్రం ఎన్‌సీఈఆర్‌టీ మాటల్లోనే ప్రశ్న వస్తుంటుంది.

ఫిజిక్స్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. బైపీసీలో లెక్కలు ఉండవు, ఫిజిక్స్ మాత్రం లెక్కలు అడుగుతుంది. మొదటి రెండు మూడు వారాలు త్రికోణమితి, లాగరిథమ్స్, సదిశలు, గ్రాఫులు, కొంచెం కలన గణితం నేర్చుకుంటే తర్వాతి పాఠాలు సగం తేలికైతయ్. తెలిసిన ఎంపీసీ అన్ననో, ఊళ్లో లెక్కల సారునో అడిగినా చాలు.

పాత గైడ్లతో జాగ్రత్త. 2024 నీట్‌కు ముందు నేషనల్ మెడికల్ కమిషన్ సిలబస్ తగ్గించింది. ఘన స్థితి, పాలిమర్లు, పర్యావరణ రసాయన శాస్త్రం, మొక్కల్లో ఖనిజ పోషణ లాంటి అధ్యాయాలు పోయాయి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లకు, ఎముకలకు ఏమైతదో చెప్పే పాఠం అందులోనే ఉండేది. నల్లగొండ పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేని పాఠం, అదే పోయింది! అన్నయ్య వాడిన పుస్తకం పట్టుకొని నెలలు గడపకుండా, కొత్త సిలబస్‌ను పక్కన పెట్టుకొని లేని అధ్యాయాలు కొట్టేయాలి.

భాష విషయం ఇంట్లో కూర్చొని తేల్చుకోవాల్సిందే. నీట్‌ను తెలుగులోనూ, ఉర్దూలోనూ రాయొచ్చు. తెలుగు పేపర్ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కేంద్రాల్లోనే దొరుకుతుంది, ఉర్దూ పేపర్‌కు ఆ పరిమితి లేదు. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్ననే ప్రామాణికంగా తీసుకుంటారు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉర్దూలో వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, తెలుగులో మాత్రం తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలే దిక్కు. ఉర్దూ మీడియంలోనో తెలుగు మీడియంలోనో చదివిన పిల్లలు ఇంటర్‌లో ఇంగ్లిష్‌కు మారితే మొదటి మూడు నెలలు కష్టంగానే ఉంటుంది. ఒక నోట్‌బుక్‌లో ఇంగ్లిష్ పదం పక్కన తమ భాషలో అర్థం రాసుకుంటూ పోతే ఆ గడ్డుకాలం దాటొచ్చు. రెండేళ్లు ఏ భాషలో చదివారో పరీక్ష కూడా ఆ భాషలోనే రాయడం మేలు. ఇంగ్లిష్‌లో చదివి, దరఖాస్తులో మాతృభాష మీద మమకారంతో వేరేది పెడితే పరీక్ష హాల్లో తెలియని పదాలు ఎదురవుతాయి.

అమ్మానాన్నలకు ఒక పని. తొమ్మిదో తరగతి నుంచి ప్రతి ఏటా స్టడీ సర్టిఫికెట్ తీసి దాచిపెట్టాలి. బీసీ-ఇ కిందికి వచ్చే కుటుంబాలకు రాష్ట్రంలో 4 శాతం రిజర్వేషన్ ఉంది, ఆ సర్టిఫికెట్‌కు మీసేవలో ముందే దరఖాస్తు చేసుకోవాలి. వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ నోటిఫికేషన్ ఇచ్చాక దొరికే రోజులు కొన్నే. అప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగే తీరిక ఉండదు.