లాటరీ తగిలిందా?

మార్చి నెలాఖరు వచ్చిందంటే చాలు, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలో ఎన్నో ఇళ్లలో ఒకటే ప్రశ్న. 'ఏమైంది, వచ్చిందా?' పరీక్ష ఫలితం గురించి కాదు, పెళ్లి సంబంధం గురించీ కాదు. హెచ్‌-1బి లాటరీ!

మామూలు లాటరీ టికెట్టయితే కొన్నవాడి జేబులో ఉంటుంది. పేపర్లో నంబరు చూసుకుంటే సరి. ఇక్కడలా కాదు. పేరు మనది, పాస్‌పోర్టు మనది... టికెట్టు మాత్రం కంపెనీ చేతిలో! 2020 నుంచీ నమోదంతా ఆన్‌లైన్లోనే. అమెరికాలోని కంపెనీయో దాని లాయరో మార్చిలో పేరు నమోదు చేస్తారు. మొదట్లో 10 డాలర్లున్న ఆ ఫీజు 2025లో 215కి పెరిగింది. ఫలితమూ వాళ్ల ఖాతాలోనే కనిపిస్తుంది. అభ్యర్థి తనంతట తాను తెరిచి చూసుకునే వీల్లేదు. హెచ్‌ఆర్‌ నుంచి మెయిల్‌ వచ్చేదాకా గుండెలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవాల్సిందే. ఎంపికైతే నోటీసు వస్తుంది. నోటిమాటతో సరిపెట్టుకోకుండా దాని కాపీ అడిగి తీసుకోవడం మంచిది.

'సెలెక్టెడ్‌' అని ఉంటే ఏ గొడవా లేదు. తికమకపెట్టేది 'సబ్మిటెడ్‌' అన్న మాటే. డ్రా అయ్యాక కూడా అదే కనిపిస్తోందంటే ఆశ పూర్తిగా పోయినట్టు కాదు. ఎంపికైన వాళ్లలో తగినంత మంది పిటిషన్లు వేయకపోతే మళ్లీ డ్రా తీస్తారు. 2021లో జులైలో ఒకసారి, నవంబరులో ఇంకోసారి తీశారు. 2023 జులైలోనూ అంతే. 2022లో మాత్రం ఎదురుచూపే మిగిలింది. కోటా నిండిందని తేల్చాకే 'నాట్‌ సెలెక్టెడ్‌' అని మారుతుంది.

ఇంతకీ ఉన్నవెన్ని? ఏడాదికి 65,000. అమెరికాలో మాస్టర్స్‌ చేసినవాళ్లకు మరో 20,000. 2023లో లెక్కలోకి వచ్చిన దరఖాస్తులేమో 7,58,994! అందులో 4,08,891 ఒకే మనిషి పేరిట ఒకటికి మించి పడ్డవి. ఒక్కరికే నాలుగైదు టికెట్లన్నమాట. ఈ ఆటను 2024లో కట్టించారు. ఎన్ని కంపెనీలు వేసినా డ్రాలో పాస్‌పోర్టును బట్టి మనిషికి ఒక్క చీటీనే. దాంతో 2025లో దరఖాస్తులు 3,43,981కి దిగాయి. ఎంపికైనవి 1,20,141.

2026కి మళ్లీ కొత్త పద్ధతి తెచ్చారు. జీతాన్ని బట్టి నాలుగు మెట్లు. పైమెట్టు వారి పేరు నాలుగుసార్లు, కింది మెట్టు వారిది ఒక్కసారే. చదువు అప్పుడే ముగించిన పిల్లలకు ఇది దెబ్బే. సైన్సు, ఇంజినీరింగు చదివినవాళ్లకు ఓపీటీ మూడేళ్లు. అంటే దాదాపు మూడు మార్చి నెలలు. మూడోదీ జారిపోతే ఇంటికి రావాలా, ఇంకో కాలేజీలో చేరాలా అన్న బెంగ. ఇక్కడ లోను తీర్చాల్సిన తండ్రికి ఆ బెంగ రెట్టింపు! ఇక్కడి నుంచి కొత్తగా వెళ్లేవాళ్లకైతే ఇంకో పిడుగు. అలాంటి పిటిషన్‌కు లక్ష డాలర్లు కట్టాలంటూ 2025 సెప్టెంబరులో ట్రంప్‌ ప్రకటన వెలువడింది.

అందుకే చిలుకూరు బాలాజీకి అంత రద్దీ. 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, కోరిక తీరాక 108 చేయడం అక్కడి ఆనవాయితీ. 'సెలెక్టెడ్‌' అని తెలిసిన రోజే 108కి బయల్దేరేవాళ్లూ ఉంటారు. అప్పుడే తొందరెందుకు! చేతికొచ్చింది దరఖాస్తు పెట్టుకునే అవకాశమే. ఏప్రిల్‌ 1 నుంచి కనీసం 90 రోజుల గడువులో కంపెనీ పిటిషన్‌ వేయాలి, అది ఆమోదం పొందాలి. ఇక్కడున్నవాళ్లయితే ఆ తర్వాత నానక్‌రాంగూడ కాన్సులేట్లో పాస్‌పోర్టు మీద ముద్ర పడాలి.