తీతువు కూత చావు కబురు కాదు

ఎండలు ముదిరితే రామన్నపేట చుట్టుపక్కల చెలకల్లో, పడావు భూముల్లో తీతువు పిట్ట కూత రాత్రింబగళ్లు వినబడుతుంది. ఆ కూత ఇంటిమీదుగా పోతే ఎవరో ఒకరు చచ్చిపోతారని మన పల్లెల్లో పాత నమ్మకం. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ కన్నంటదు. తెల్లారి దవాఖానకు పోవలసినవాళ్లు మంత్రగాని గుమ్మం తొక్కుతారు. మంత్రగాడు ఊరికే పంపుతాడా? ఎవరో "చేసిండ్రు" అంటాడు. ఆ ఎవరో ఊరి పెద్ద ఎన్నడూ కాడు. దిక్కులేని ముసలవ్వో, కూలి చేసుకునే మనిషో అయి ఉంటుంది. బాణామతి అనే అనుమానంతో తెలంగాణ పల్లెల్లో పేదలు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకే ఈ పిట్ట ఎందుకు అరుస్తుందో కష్టజీవులు తెలుసుకోవాలి.

దాని జీవితాన్ని ఓపికగా గమనించి రాసినవాళ్లున్నారు. జె.బి.ఎస్. హాల్డేన్ 1892లో ఇంగ్లండులో పుట్టిన గొప్ప జీవశాస్త్రవేత్త. లండన్ కమ్యూనిస్టు దినపత్రిక 'డైలీ వర్కర్'లో కార్మికుల కోసం వందలకొద్దీ సైన్సు వ్యాసాలు రాశారు. 1957లో మన దేశం వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకొని, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయారు. ఖరీదైన యంత్రాలు లేకపోయినా చూసే కళ్లు, ఓపిక, లెక్క ఉంటే ఈ దేశంలో మంచి సైన్సు చేయవచ్చని ఆయన వాదన. ఆయన శిష్యుడు, పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణ లాంటానా పొదల దగ్గర ఏ సీతాకోకచిలుక ఏ రంగు పూవు మీద వాలుతుందో లెక్క కట్టారు. 1960లో ఆ ఫలితం 'నేచర్' పత్రికలో అచ్చయింది.

అదే పద్ధతిలో సురేష్ జయకర్, హాల్డేన్ భార్య హెలెన్ స్పర్వే తీతువును పరిశీలించారు. తీతువుల్లో రెండు రకాలు మనకు తెలుసు. ముక్కు పక్క ఎర్ర తోలు ఉన్నది నీళ్ల దగ్గర మసలుతుంది. పసుపుపచ్చ తోలు ఉన్నది ఎండు చెలకల్లో బతుకుతుంది. వాళ్లు చూసింది ఈ రెండోదాన్ని. 1965లో బొంబాయి సహజ చరిత్ర సంఘం పత్రికలో దాని సంగతులు రాశారు.

ఈ పిట్ట చెట్టెక్కి గూడు కట్టదు. వానలకు ముందు, నిండు ఎండల్లో, ఉత్త నేల మీద చిన్న గుంత చేసి నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లు మట్టిరంగులో కలిసిపోయి పక్కన నిలబడినా కనబడవు. ఆడ, మగ రెండూ వంతులవారీగా పొదుగుతాయి. ఎండ మండేటప్పుడు నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. గుడ్లు చల్లబడడానికే ఇలా చేస్తాయని అనుకుంటారు. పిల్ల గుడ్డు పగిలి బయటికి రాగానే నడుస్తుంది. తల్లి అరిస్తే నేలకు కరుచుకొని రాయిలాగ ఉండిపోతుంది.

ఇక కూత సంగతి. కుక్కో, నక్కో, మనిషో గుడ్ల దాపుకు వస్తే పిట్ట లేచి అరుస్తుంది, శత్రువును దూరం మళ్లిస్తుంది. రాత్రిపూట చేనికి నీళ్లు కట్టబోయే మనిషి అడుగుల చప్పుడుకైనా అరుస్తుంది. మన ఇంట్లో ఎవరు జబ్బుతో ఉన్నారో దానికేం తెలుసు? అది తన పిల్లల కోసం కాసే కాపలా. పైగా అది తినేది పురుగులను, చెదలను. మన చేనుకు దానివల్ల నష్టం లేదు.

హాల్డేన్ తన శవాన్ని కూడా చదువుకే ఇచ్చారు. ఆయన కోరిక ప్రకారం దాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపారు. స్పర్వే 1978లో మన హైదరాబాదులోనే కన్నుమూశారు.

వాళ్లు చేసిన పని చేయడానికి డిగ్రీలు అక్కరలేదు. మందల వెంట తిరిగే పిల్లలకు, కలుపు తీసే అక్కలకు తీతువు గుడ్లు ఎక్కడుంటాయో ముందే తెలుసు. తేదీ వేసి రాసుకుంటే అదే సైన్సు. సంఘం మీటింగుల్లో ఈ మాట చెప్పండి. ట్రాక్టరు దున్నేటప్పుడు నాలుగు గుడ్లు కనబడితే ఆ కాస్త జాగా వదిలి సాలు తిప్పమనండి. రాత్రి తీతువు అరిచిన ఇంట్లో జబ్బు మనిషి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా బండి కట్టించి దవాఖానకు తీసుకుపోండి.