మెయింటెయినర్ మౌనంగా ఉంటే మాయమైనట్టేనా?

డెబియన్ ఆపరేటింగ్ సిస్టమ్ 1993లో మొదలైంది. నాటి నుంచి నేటి దాకా దాన్ని నడిపిస్తున్నది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. అందులోని ప్రతి సాఫ్ట్‌వేర్ ప్యాకేజీకీ ఒక మెయింటెయినరో, ఒక బృందమో బాధ్యత వహిస్తుంది. చెప్పాపెట్టకుండా దూరమైనవారిని ఆరా తీయడానికి అక్కడ ఎంఐఏ (మిస్సింగ్ ఇన్ యాక్షన్) అనే బృందం కూడా ఉంది. దాని పని గురించి చాలామందికి ఉన్న అభిప్రాయాలు సరైనవి కావు.

అపోహ: ఏడాదిగా ప్యాకేజీలో మార్పు లేదంటే మెయింటెయినర్ వదిలేసినట్టే.

వాస్తవం: కుదురుకున్న ప్యాకేజీలో ఏళ్ల తరబడి ముట్టుకోవాల్సింది ఏమీ ఉండకపోవచ్చు. కాబట్టి ప్యాకేజీతో పాటు మనిషి జాడ కూడా చూడాలి. తీవ్రమైన బగ్‌కు జవాబుందా? వేరేవాళ్లే పదేపదే వచ్చి మరమ్మతు చేసి పోతున్నారా? ఆ వ్యక్తి తన డిజిటల్ కీతో సంతకం చేసిన సందేశం చివరిసారి ఎప్పుడు వచ్చింది? ఇవన్నీ కలిపి చూస్తేనే సంగతి తెలుస్తుంది.

అపోహ: ఆరా తీయడమంటే వెళ్లగొట్టడానికే.

వాస్తవం: మొదట వెళ్లేది పలకరింపు. ఉద్యోగం మారి ఉండొచ్చు, ఇంట్లో పసిబిడ్డ ఉండొచ్చు, జబ్బు చేసి ఉండొచ్చు. కొన్నిసార్లు మనిషే లేకపోవచ్చు. పలుమార్లు అడిగినా జవాబు రాకపోతేనే ప్యాకేజీలను 'ఆర్ఫన్' (అనాథ) అని ప్రకటించి, వేరేవాళ్లు తీసుకునే వీలు కల్పిస్తారు.

అపోహ: పని చేయకపోయినా పేరు ఉంటే నష్టమేముంది?

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. పేరు ఉన్నంతకాలం కొత్తవాళ్లు ముందుకు రావడానికి జంకుతారు. పైగా ఖాళీగా పడివున్న ఖాతా దొంగకు తెరిచిన తలుపు. పైథాన్ ప్యాకేజీల భాండాగారంలో సీటీఎక్స్ అనే ప్యాకేజీకి 2022లో అదే జరిగింది. మెయింటెయినర్ ఈమెయిల్ డొమైన్ గడువు తీరిపోయింది. మరొకరు ఆ డొమైన్‌ను కొని, ఖాతా పాస్‌వర్డ్ మార్చేసి, రహస్యాలను దొంగిలించే కోడ్‌ను ప్యాకేజీలో చొప్పించారు.

అపోహ: నెమ్మదించినవారిని గట్టిగా నిలదీయాలి.

వాస్తవం: ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ ఉదంతం తెలిసినవారు ఆ మాట అనరు. ఆ ప్రాజెక్టును ఒంటరిగా మోస్తూ అలసిన మెయింటెయినర్‌పై 2022లో అపరిచితులు ఒత్తిడి తెచ్చారు. సాయం చేస్తానంటూ వచ్చి నమ్మకం సంపాదించిన వ్యక్తి మెయింటెయినర్ హోదా పొంది, 2024లో అందులో బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టాడు. మనం అడగాల్సింది 'ఎందుకు చేయడం లేదు?' అని కాదు, 'ఇంకా చూసుకోగలరా, ఎవరైనా తోడు కావాలా?' అని.

అపోహ: తప్పుకుంటే మళ్లీ రాలేం.

వాస్తవం: డెబియన్‌లో మర్యాదగా చెప్పి విరమించినవారికి తిరిగి చేరే దారి ఉంది. తీరిక దొరకదని తెలిసిన రోజునే మెయింటెయినర్ తన ప్యాకేజీని తానే ఆర్ఫన్ చేయవచ్చు. అప్పుడు ఎంఐఏ బృందం వెతకాల్సిన పనే ఉండదు.