తలకోన దారిలో పాదలేపం

మనుచరిత్రలో సిద్ధుడిచ్చిన పాదలేపం మంచుకు కరిగిపోయి, పాపం ప్రవరుడు హిమాలయంలో చిక్కుపడ్డాడు. ఇరవై ఏళ్ళుగా ఈ కథ క్లాసులో చెబుతూనే వున్నాను. కాని, కొండ మనిషి పాదాలను ఏం చేస్తుందో నిరుడు కార్తీకమాసంలో తలకోన వెళ్ళినప్పుడుగాని నాకు తెలిసిరాలేదు. మా పాదలేపం కరగలేదు సరికదా, అడుగడుక్కీ పెరిగింది. అది అచ్చమైన ఎర్ర బురద!

మేము నలుగురం. చదువుకునే రోజుల్లో ఒకే హాస్టలు మెతుకులు తిన్నవాళ్ళం. అందరికీ నలభై దాటాయి. బ్యాంకు మిత్రుడికి మోకాలి నొప్పి. లెక్కల లెక్చరరుకు అన్నింటా అనుమానం. సేద్యం చేసే మిత్రుడికి నవ్వు. నాకేమో పంతం. జలపాత వర్ణనలు ఎన్ని చెప్పానో లెక్కలేదు, ఒక్క జలపాతమూ దగ్గరనుంచి చూసి ఎరుగను!

తిరుపతి నుంచి భాకరాపేట, నెరబైలు మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. శేషాచలం కొండల్లో, 1989లో ఏర్పడ్డ శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలో వుందీ తలకోన. సిద్ధేశ్వరస్వామిని దర్శించుకుని నడక మొదలుపెట్టాం. దారి చూపడానికి దగ్గరి పల్లె పెద్దాయన ఒకరు వచ్చారు. మా కాళ్ళకు ఖరీదైన బూట్లు; ఆయనవి వట్టి కాళ్ళు. జారిపడ్డది మాత్రం మేమే. లెక్కలాయన రెండుసార్లు, నేను మూడుసార్లు.

దారిలో గిల్లతీగ కనిపించింది. తీగ అన్నది పేరుకే. మనిషి నడుమంత లావున చెట్టునుంచి చెట్టుకు పాకింది. దాని కాయలు మూర పొడవును మించుతాయి.

మలుపు తిరగగానే చల్లటి తుంపర ముఖాన కొట్టింది. తలెత్తి చూస్తే 270 అడుగుల ఎత్తునుంచి పాలధార! ఆంధ్రప్రదేశ్‌లో ఇంతకన్న ఎత్తయిన జలపాతం లేదంటారు. గట్టి రాతి కొండ పగుళ్ళలోకి, అడవి నేలలోకి ఇంకిన వాననీరే ఊటలై ఇలా దిగివస్తుంది. నేను నేర్చిన విశేషణాల్లో ఒక్కటీ ఆ వేళ నోటికి రాలేదు.

ఇంతలో పెద్దాయన పైకి చూసి, "సామీ, నీళ్ళు రంగు మారతా వుండాయి. పైన వాన కురిసింటాది. రాండి, పోదాం" అన్నాడు.

మా నెత్తిన ఆకాశం నిర్మలంగా వుంది. "అయిదు నిమిషాలు ఆగు పెద్దాయనా, ఒక ఫోటో" అన్నాను. ఆయన మాట్లాడలేదు. నా చెయ్యి పట్టి లాగాడు. నిజం చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది.

వచ్చేటప్పుడు బండరాళ్ళ మీదుగా దాటిన వాగు దగ్గరికి చేరాం. రాళ్ళు సగం మునిగాయి. నీరు ఎర్రబారింది, ఆకులూ పుల్లలూ కొట్టుకువస్తున్నాయి. బ్యాంకు మిత్రుడి మోకాలు నడిమధ్యలో మొరాయించింది. మేము నలుగురం చేతులు గొలుసు కట్టి, అతన్ని ఒడ్డుకు చేర్చాం. కాసేపటికి వెనుదిరిగి చూస్తే, మేము కాలుపెట్టిన రాయి ఒక్కటీ కనబడలేదు.

కొండపైన విశాలంగా కురిసిన వాన ఇరుకు కోనలోకి ఒక్కమారుగా దిగుతుంది. కింద చినుకు లేకపోయినా వరద రావచ్చు. తేటనీరు మట్టి రంగు తిరగడం, చెత్త కొట్టుకురావడం, హోరు బరువెక్కడం — ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా గట్టెక్కవలసిందే. దక్షిణ రాయలసీమలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. జలపాతం నిండుగా వుండేదీ, ప్రమాదం పొంచి వుండేదీ అప్పుడే. అటవీశాఖవారు దారి మూస్తే విసుక్కోకండి.

గుడి దగ్గర పెద్దాయనకు డబ్బులిస్తూ, "నీ మాట వినక ఆలస్యం చేశాను, తప్పయింది" అన్నాను. ఆయన నా బూట్లవంక చూసి, "ఆ బురద ఎండినాక రాల్తాదిలే సామీ" అన్నాడు.

ఫోటో మాత్రం లేదు. ఈ ఏడు ప్రవరుడి కథ చెప్పేటప్పుడు, వాగు నడుమ వణికిన మిత్రుడి చెయ్యి గుర్తొచ్చి, పాఠం ఒక నిమిషం ఆగిపోయింది.